పెద్ద తలుపులు తెరిచిన రోజు

పుదూరు దాటి నల్లరేగడిలో కాస్త దూరం పోతే మా అత్తగారి ఊరు. అక్కడ మా ఇంటిని అందరూ కోట ఇల్లు అంటారు. నిజానికి కోటంత గొప్పేమీ లేదు. పాళెగాళ్ల కాలంలో ఎవరో చిన్న దొర, దొంగలకూ దాయాదులకూ భయపడి కట్టుకున్న ఇల్లు. గోడల మందం మాత్రం చెప్పుకోవాలి. సున్నంలో కరక్కాయ నీళ్లు, తాటిబెల్లం కలిపి పూశారట. మేకు కొడితే మేకే వంగుతుంది. తుపాకులు పెట్టే కన్నాల్లో ఇప్పుడు మా అత్త చీపుళ్లు, చింతపండు పొట్లాలు దాస్తుంది.

ముందువైపు ఇనుప బొడిపెల పెద్ద తలుపులు, ఒకదానికి చిన్న దిడ్డి వాకిలి. వంగితే గానీ దాంట్లోంచి పోలేం. వచ్చినవాడు శత్రువైతే ముందు తలే లోపలికి రావాలని అట్లా పెట్టారట. దాటగానే నడవ అడ్డంగా తిరుగుతుంది, ఎవరూ ఒక్క ఊపున దూసుకురాకుండా. ఆ మలుపులో ఏ దండు ఆగిందో తెలియదు గానీ నా ఫ్రిజ్జు మాత్రం ఆగింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

కొత్త కోడలు మొదటిసారి వచ్చేటప్పుడు రెండు తలుపులూ తెరవాలి, ఆమె తల వంచకూడదు. అది ఆ ఇంటి ఆచారం. మా అత్తకు అది దక్కలేదు. ఆమె అరుప్పుకోట్టై నేతగాళ్ల పిల్ల. మామ తానే ఇష్టపడి చేసుకున్నాడని ఆయన తండ్రికి కోపం. తలుపులు తీయనివ్వలేదు. పెళ్లిచీరతో దిడ్డిలోంచి వంగి వచ్చింది.

మా పెళ్లి కుదిరాక అత్త తలుపులు లాగి చూస్తే కదల్లేదు. ఎప్పుడో మామ నడవకు ఎత్తుగా సిమెంటు పోయించాడు. తలుపులు లోపలికి తెరుచుకుంటాయన్న సంగతే మరిచిపోయాడు మహానుభావుడు.

"సుమ్మా ఉండు, ఎందుకీ తిప్పలు, దిడ్డిలోనే వస్తుంది బిడ్డ" అన్నాడట.

అత్త గడ్డపార తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పడేసింది. "నా కోడలు వంగి రాదు. వంగినదాన్ని నేనొకతెను చాలు."

మామ గడ్డపార అందుకుని సిమెంటు పగలగొట్టాడు.

పెళ్లయి మేము వచ్చేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అత్త హారతి పళ్లెంతో లోపల నిలబడింది. నేనూ మా ఆయనా గడప ముందు ఆగాం. మామ వచ్చి ఆమె చేతిలోని పళ్లెం తీసుకున్నాడు.

"నువ్వూ బయటికి పొయ్యి నిలుచుకో."

"ఊరు నవ్వుతుంది."

"నవ్వనీ. పో."

ఆ క్షణాన మా మామ మీద నాకు పుట్టిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. అత్త వచ్చి నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. మామ మా అందరికీ కలిపి హారతి తిప్పాడు, చేతకాక సగం కుంకుమనీళ్లు ఒలకబోసుకుంటూ.

కుడికాలు ముందు పెట్టాం. నేను నిటారుగానే ఉన్నాను. అంత వాకిలి తెరిచి ఉన్నా, గడప మీద కాలు పడగానే మా అత్త నడుము వంగిపోయింది.

మామ హారతి పళ్లెం కింద పెట్టాడు. "తల ఎత్తుకోని దా" అన్నాడు.