చిల్లర స్కాలర్‌షిప్పుల పగ

మా కాలేజీ ఆఫీసు అటెండరమ్మకి పగ ఉంది. దాచుకోదు కూడా. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంది. పగ హెడ్ క్లర్కు మీద.

మూడేళ్ల కిందట ఆయన సొరుగు దుమ్ము దులుపుతుంటే ఆవిడకి కాగితాల కట్ట దొరికింది. చనిపోయిన లెక్కల మాస్టారి పేరున ఒకటి, బేకరీ యజమానుల సంఘం ఇచ్చేది ఒకటి, అన్నీ చిన్నచిన్న స్కాలర్‌షిప్పుల నోటీసులే. ఒక్కటీ బోర్డెక్కలేదు, అన్నిటికీ గడువు దాటిపోయింది. అందులో రెండొచ్చినా చాలు, ఆ ఏడాది ఫీజు కట్టలేక చదువు మానేసిన ఆవిడ కూతురు గట్టెక్కేది. నిలదీస్తే, "ఆ చిల్లర కోసం ఎవరు అప్లై చేస్తారు? నాకు సంతకాల చాకిరీ తప్ప" అన్నాడాయన. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

టపా అందుకునేది ఆవిడే. అప్పటినుంచి ఏ నోటీసైనా జిరాక్సు షాపుకి వెళ్లొచ్చాకే క్లర్కు బల్ల చేరుతుంది. క్యాంటీన్ గోడ, సైకిల్ స్టాండు, హాస్టల్ స్నానాల గది తలుపు, ఎక్కడ చూసినా అవే. "చిన్నదని వదిలెయ్యకండర్రా. పెద్దదానికి వెయ్యిమంది ఎగబడతారు, దీనికి మీరు నలుగురే" అని పిల్లల ప్రాణం తీస్తుంది. నిజంగానే నలుగురు ఫారాలు పెడితే నలుగురికీ వచ్చిన సందర్భాలున్నాయి. ఒక్కో ఫారానికి క్లర్కు మూడు సంతకాలు పెట్టాలి. ఆయన మణికట్టు పట్టేసిన రోజు ఆవిడ లైబ్రేరియన్‌నైన నా బల్ల దగ్గర కూర్చుని కడుపారా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయనంటే నాకూ పడదు.

ఈ వేసవిలో, చదువు ఆపేసి మళ్లీ చేరే ఆడపిల్లల కోసం ఒక నోటీసొచ్చింది. ఆవిడ కూతురు అప్పటికే మందుల షాపులో పనిచేస్తోంది.

"ఇప్పుడెందుకమ్మా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వి చావనీ. నువ్వు చేరకపోతే నాకు నిద్ర పట్టదు."

గడువు చివరి రోజు సాయంత్రం క్లర్కు సంచీ భుజాన వేసుకుంటుంటే ఆవిడ ఫారంతో తలుపుకి అడ్డంగా నిలబడింది. పక్కనే నేనున్నాను.

"రేపు చూద్దాంలేమ్మా."

"రేపటికి గడువుండదు సార్. మీకు తెలియనిదా?"

ఆయన ఫారం మీద పేరు చదివాడు. సంచీ దించి కూర్చుని కలం తీశాడు. రెండు సంతకాలయ్యాక తలెత్తి, "పాత సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా?" అన్నాడు.

"పెట్టుకున్నాను సార్. పెట్టుకోబట్టే డెబ్బైమంది ఫీజులు కట్టుకున్నారు. మూడో సంతకం ఇక్కడ."