పెద్దబాపు మూడు వేళ్లు

మా పెద్దబాపుకు కుడిచేతికి మూడు వేళ్లు లేవు. బాపుకు, అంటే మా నాన్నకు, అన్న, పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. ఆ వేళ్లు బంగ్లాదేశ్ యుద్ధంలో పోయాయి. ఇంకే ఊళ్లోనైనా ఈ మాట ఒక్కసారి చెబితే సరిపోయేదేమో. షోలాపూర్ భవాని పేట్‌లో అలా కాదు. మా గల్లీలోనే వేళ్లు లేనివాళ్లు ఇంకా నలుగురున్నారు. అందరివీ సాంచెల్లో, అంటే కరెంటు మగ్గాల్లో, నలిగిపోయినవే. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఆయన చెయ్యి చూసి, ఏ కార్ఖానాల పోయినయని అడిగేవాళ్లు. ఆయన యుద్ధమనేవాడు. వాళ్లు అవునా అని తలూపి, పక్కకు పోయి నవ్వుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అయినా ఎవరినీ ఒక్క మాట అన్నది లేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా డిసెంబరులో జెండా రోజు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లకు, సిపాయిలనూ వాళ్ల ఇంటివాళ్లనూ దేశం మరిచిపోకూడదని ఈ రోజు పెట్టారట. చందా వేసినవాళ్లకు గుండె మీద చిన్న కాగితం జెండా గుచ్చుతారు. ఇదంతా టీచరమ్మ చెప్పింది. ఇంట్లో యుద్ధానికి పోయినవాళ్లుంటే తీసుకురండి, సత్కారం చేద్దామంది. నేను లేచి పెద్దబాపు సంగతి చెప్పాను. ఆమె నమ్మింది.

ఆ పొద్దున పెద్దబాపు గడ్డం గీసుకుని తెల్లంగి తొడుక్కున్నాడు. ట్రంకులో పతకం ఉందిగా, పెట్టుకొమ్మని అమ్మ అంది.

"అదెందుకు? చెయ్యి సూస్తె ఎర్కయితది గద," అన్నాడు.

అంత సంబరంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

బడికి పోయేసరికి టీచరమ్మ జ్వరమని రాలేదు. పెద్దబాపు ఎవరో ఇంకెవరికీ తెలియదు. నా చేతికి చందా డబ్బా ఇచ్చి వేదిక పక్కన నిలబెట్టారు. యూనిఫారంలో వచ్చిన ఇద్దరికి టవలు, టోపీ, కొబ్బరికాయ ఇచ్చారు. ఆ టవళ్లు మా పేటలో నేసినవే. వాళ్ల వెనక పెద్దబాపు నిలబడ్డాడు. ముఖ్య అతిథి ఆయన చెయ్యి పట్టుకుని పైకెత్తి, మైకులో మరాఠీలో మొదలుపెట్టాడు. మగ్గానికి వేళ్లిచ్చుకున్న ఈ పేద కార్మికుడు కూడా సిపాయిల కోసం చందా వెయ్యడానికి వచ్చాడు, చూసి నేర్చుకోండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను డబ్బా తెమ్మన్నాడు.

తీసుకుపోయాను. పెద్దబాపు నా మొహంలోకే చూస్తున్నాడు. మైకు మూరెడు దూరంలో ఉంది. యుద్ధమని చెబితే గల్లీవాళ్లలాగే వీళ్లూ నవ్వుతారని భయమేసింది. డబ్బా ఆయన ముందుకు చాపాను. ఆయన జేబులోంచి చిల్లర తీసి, మిగిలిన రెండు వేళ్లతో డబ్బాలో వేశాడు. అతిథి ఆయన అంగీకి జెండా గుచ్చాడు.

ఇద్దరం ఇంటికి బయల్దేరాం. మా గల్లీ మలుపులో ఆయన ఆగాడు.

"నీకన్న ఖరే ఏందో, నిజం ఏందో, ఎర్కనే గద, బిడ్డా."

తిట్టినా బాగుండేది. ఇన్నేళ్లయినా ఆ పిరికితనాన్ని నేను క్షమించుకోలేదు.

మరుసటేడు పక్కింట్లోకి కొత్త కుటుంబం దిగింది. పెద్దబాపు అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో కండెలకు నూలు చుడుతుంటే, వాళ్ల చిన్నపిల్ల వచ్చి ఆయన కుడిచెయ్యి పట్టుకుని ఏమైందని అడిగింది. నేను గడపలోనే ఉన్నాను. ఈసారి చెబుదామని నోరు తెరిచాను కూడా. ఆయనే ముందు చెప్పాడు.

"సాంచెల పోయినయి బిడ్డా. నువ్వు దగ్గరికి పోకు."