పండరినాథ్ ఏడో సంతకం

“ఏడో సంతకం పడకపోతే సంఘం ఈడనే మునుగుతది!” రోజూ సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ పండరినాథ్ అప్పట్లో పడ్డ భయం ఇదే. చెవిమీద పెన్ను, జేబులో నాలుగు పెన్‌డ్రైవ్‌లతో తిరుగుతూ నాందేడ్ దుకాణాలకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెడతాడు. దాన్ని ఎవరైనా నకలు తీసుకోవచ్చు, దిద్దుకోవచ్చు. అలాంటి సాఫ్ట్‌వేర్ పెట్టే వ్యాపారుల సంఘం రిజిస్టర్ కావాలంటే ఏడుగురుండాలి. ఆరుగురు దొరికారు, ఆరుగురూ అధ్యక్షులే.

నియమావళిని కూడా అలవాటుకొద్దీ పసుపు వర్తకుల సంఘం నుంచి నకలు తీశాడు. ఏడోవాడిగా చేరదామని వచ్చిన సుమిత్ దాన్ని సమావేశంలో పైకి చదివాడు: “తడి పసుపు తెచ్చిన సభ్యుణ్ని వెలివేస్తాం. ఏందన్నా గిది? నేను చేర!” పండరి చెవిమీది పెన్ను తీసి అతనికిచ్చాడు. “తప్పు దొరకవట్టినోడే దిద్దాలె తమ్మీ. మన సాఫ్ట్‌వేరోళ్ల కాయిదా, రూలు గదే.” సుమిత్ సాయంత్రందాకా దిద్ది, తన దిద్దుబాటుకు తానే మురిసి సంతకం పెట్టాడు. అది చూశాక ఇప్పుడు ఇంట్లో నేనూ ఆ కాయిదానే పాటిస్తున్నాను. మా పాపకు స్నానం చేయించడం నాకు రాదని ఎవరైనా అంటే, తువ్వాలుతో సహా పాపను వాళ్లకే అందిస్తాను.