తడిచేతికి పలకని అద్దం

“మిషనుకేం రోగం లేదు లోవమ్మక్కా. నీ చెయ్యే బాగోలేదు!”

“నా చెయ్యి బాగోలేదాండీ? ముప్ఫయ్యేళ్ళ నుంచి మీ అత్తగారూ, ఆవిడ తర్వాత మీరూ అమ్ముకున్న పూతరేకులన్నీ ఈ చెయ్యి తీసిన రేకులేనండీ. అప్పుడెప్పుడూ దీనికి రోగం రాలేదు మరి.”

“మరి నువ్వు నొక్కితే పలకదేం? హైదరాబాదు పిల్ల నొక్కితే పలికింది. నేను నొక్కితే పలికింది. మొన్న మీటరు చూడ్డానికొచ్చిన కరెంటోడు నొక్కినా పలికింది.”

“కరెంటోడు రేకులు తీత్తాడాండీ? తియ్యమనండి. పిండిలో చెయ్యి పెట్టి, గుడ్డ ముంచి, పరిచి, అప్పుడు నొక్కమనండి. నేనూ చూత్తాను.”

“ఇదిగో, ఇంకాసేపట్లో ఆ పిల్ల వత్తాది. ఇదే ఆఖరిసారంట. ఆవిడ ముందు ఈ రాద్ధాంతం పెట్టేవంటే ఊరుకోను. ఇవాళ కూడా నీకు కుదరకపోతే రేపట్నుంచి మడతలకి కూర్చో. పొయ్యి దగ్గరకి రాకు.”



షెడ్డు బయట, బండి ఇంకా దిగకుండానే, సాయిదుర్గాప్రసాద్ ఇదంతా విన్నాడు. ఊళ్ళో అందరూ దుర్గా అనే పిలుస్తారు. ఇంజనీరింగు మూడో ఏడాదిలో మానేసి, ఆ తర్వాత మూడు ఉద్యోగాలు కూడా మానేసి, నెలరోజులుగా ఈ మిషను తయారుచేసిన హైదరాబాదు కంపెనీకి ‘స్థానిక సహాయకుడి’గా ఉన్నాడు. పని ఏమిటంటే, కంపెనీ తరఫున వచ్చే హారిక తెలుగులో అడిగినదాన్ని ఆత్రేయపురం ఆడవాళ్ళకి తెలుగులో చెప్పడం, వాళ్ళు తెలుగులో చెప్పినదాన్ని హారికకి మళ్ళీ తెలుగులో చెప్పడం. ఇలాంటి ఉద్యోగం ఒకటుంటుందని అతను మానేసిన కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

లోపల తిట్టిన గొంతు షెడ్డు యజమానురాలు కృష్ణవేణిది. తిట్లు తిన్నది లోవమ్మ. పుట్టిల్లు బండారులంక, నేతపని చేసే ఇల్లు. పదహారో ఏట పెళ్ళిచేసి ఈ ఊరు పంపించారు. మొగుడు బంగారరాజు మస్కట్ వెళ్ళి పదకొండేళ్ళు లారీ తోలి, ఒక నడుంనొప్పి, రెండు రగ్గులు సంపాదించుకొచ్చాడు. ఇల్లు నడిచింది లోవమ్మ కుండ మీద. మొదటి ఏడాదంతా ఆవిడ తీసిన రేకులన్నీ చిరుగులే. “చింపింది నువ్వే, తినేదీ నువ్వే” అని అత్తగారు ఆ ముక్కలన్నీ ఆవిడ చేతే తినిపించేది. దాంతో ఆ ముక్కలంటేనే విరక్తి పుట్టి పని నేర్చుకుంది. ఇప్పుడు ఆవిడ తీసిన రేకు పేపరు మీద పరిస్తే కింద అక్షరాలు చదువుకోవచ్చు.

ఆవిడ పనిచేస్తుంటే చూడాలి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. మంట వంక ఆవిడ చూడదు. పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద పరుస్తుంది. అది చేసే చప్పుడు వింటుంది. చుయ్యిమని సన్నగా పలికితే వేడి సరిపోయినట్టు, చిటపటలాడితే ఎక్కువైనట్టు, ఏమీ అనకపోతే ఇంకో గుప్పెడు ఆకు. ఎడంచెయ్యి ఆకు తోస్తుంటే కుడిచెయ్యి రేకు లేపుతుంది, నోరు మాత్రం పక్కావిడ కోడలి గురించి మాట్లాడుతూ ఉంటుంది. మూడు పనులూ దేనికదే సాగుతాయి. మనిషికీ పనిముట్టుకీ మధ్య మాట ఎలా నడవాలో తెలుసుకోవాలని హైదరాబాదులో పెద్ద పెద్ద గదుల్లో గోడల నిండా రంగుకాగితాలు అంటించుకుంటారట. ఇక్కడికొచ్చి ఒక పూట నోరు మూసుకుని కూర్చుంటే ఆ కాగితాల ఖర్చు తగ్గేది.

ఇక ఆ మిషను. స్టీలు గుమ్మటం, దాని కింద కరెంటు కాయిలు, పక్కన అరచేతంత అద్దం తెర. బటన్లు లేవు. బటన్లుంటే పాతకాలపు సరుకులా కనిపిస్తుందట. వెనక ఒక ఫ్యాను హోరుమని తిరుగుతూ ఉంటుంది కాబట్టి పిండి చప్పుడు ఎవరికీ వినపడదు. గుడ్డ పరిచిన ప్రతిసారీ తెర మీద ‘మీరు రేకును తొలగించదలిచారా?’ అన్న ప్రశ్న వస్తుంది. ‘అవును’ నొక్కితే వేడి తగ్గుతుంది, అప్పుడు రేకు తియ్యాలి. నొక్కకపోతే వేడి తగ్గదు, రేకు మాడుతుంది. రేకు ఆరడానికి పట్టేది రెండు సెకన్లు. ఆ ప్రశ్న చదవడానికి పట్టేది నాలుగు. రేకు వేసినవాడు తియ్యక ఏం చేస్తాడు, గోడకి తగిలించుకుంటాడా? అడగాల్సిన అవసరమేమిటో ఎవరికీ తెలియదు. వేడి పెంచాలంటే ‘ఉష్ణోగ్రతను సమర్పించండి’ అంటుంది. మొదటిసారి అది చదివి లోవమ్మ, “ఎవరికండీ, అమ్మవారికా?” అంది.

ఇంత దిక్కుమాలిన వస్తువుకి నెల కిందట జరిగిన పరీక్షలో నూటికి నూరు మార్కులు వచ్చాయి. ఎలా వచ్చాయో దుర్గాకి తెలుసు. తనూ ఆ పాపంలో ఉన్నాడు.

హైదరాబాదు నుంచి చుట్టాలొస్తున్నారని ఆరోజు షెడ్డులో ఆరుగురు ఆడవాళ్ళూ పొద్దున్నే పొయ్యిలు ఆర్పేశారు. తలంట్లు పోసుకున్నారు. పెట్టెల్లోంచి మంచి చీరలు తీశారు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, గుడికొచ్చినట్టు వరసగా నిలబడ్డారు. కంపెనీవాళ్ళు వెంట తెచ్చిన నమూనా మిషను దగ్గర పిండీ గుడ్డా వాళ్ళ మనిషే చూసుకున్నాడు. వీళ్ళ వంతు అద్దం మీద వేలు పెట్టడం ఒక్కటే. పొడి వేళ్ళు, శుభ్రమైన వేళ్ళు. అద్దం అందరికీ పలికింది. హారిక ఫోనులో లెక్కపెట్టుకుని ఆరుగురికి ఆరుగురూ పాసన్నట్టు ఏదో గుర్తు పెట్టుకుంది. చేతులెందుకు అంత తెల్లగా ఉన్నాయని ఆ అమ్మాయికి అనుమానం రాలేదు. చదువు ఎక్కువైతే కొన్ని అనుమానాలు రావు.

తర్వాత ఒక కాగితం ఇచ్చారు. దాని మీద ఐదు బొమ్మమొహాలు. ఏడుపు మొహం దగ్గర మొదలై పళ్ళన్నీ కనపడేలా నవ్వే మొహం దాకా. మిషను ఎలా ఉందో ఆ మొహాల్లో ఒకదాని మీద గీత పెట్టి చెప్పాలి. హారిక ఎదురుగా కూర్చుంది. లోవమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నవ్వే మొహం మీద పెట్టింది. మిగతా ఐదుగురూ ఆవిడ కాగితం చూసి అక్కడే పెట్టారు. దుర్గా గొంతు తగ్గించి, “అదేంటి పిన్నిగారూ, నిజంగా అంత బాగుందా?” అన్నాడు.

“ఊరుకోండి బాబూ. ఎదురుగా కూర్చున్న పిల్ల. ఏడిసే మొహం మీద గీత పెడితే పాపం ఆ పిల్ల మొహం ఏమవుద్ది?”

ఈ కోనసీమలో ఇంతే. చుట్టం వండిన పులుసులో ఉప్పు లేకపోతే రెండోసారి వడ్డించుకుని మరీ పొగుడుతారు. పాము కరిచినా “కొంచెం సలుపుగా ఉందండీ” అంటారు. ఈ మర్యాదతో దుర్గాకి చిన్నప్పట్నుంచీ ఒళ్ళు మంట. కానీ ఆరోజు అతనూ పెదవి విప్పలేదు. ఉద్యోగం కొత్త.

ఆ నవ్వే మొహాలు చూసి కంపెనీ మిషను పంపింది. కృష్ణవేణి కుండలన్నీ తీయించి షెడ్డు వెనక్కి చేర్చింది. వారం రోజులుగా లోవమ్మ ఆ అద్దంతో కుస్తీ పడుతోంది. పిండి చేత్తో నొక్కితే అది పలకదు. పిండి నీళ్ళు చిందితే మాత్రం ఎవరూ నొక్కకుండానే పలుకుతుంది. ఒకసారి వేడి దానంతటదే పెరిగింది. ఒకసారి తెర మీద భాష మారి హిందీ వచ్చింది. బుట్టల కొద్దీ మాడుముక్కలు. ఊళ్ళో రేకు అంటే లోవమ్మదే అనిపించుకున్న మనిషి, వయసు పైబడి చెయ్యి పోయిందని అనిపించుకుంటోంది. మడతలకి కూర్చోవడమంటే నెయ్యి రాసి పంచదార జల్లి చుట్టడం. అది నేర్చుకునేవాళ్ళ పని. ముప్ఫయ్యేళ్ళ తర్వాత లోవమ్మని మళ్ళీ మొదటి మెట్టు మీద కూర్చోబెడుతున్నారు.

దుర్గా లోపలికెళ్ళి సూటిగా చెప్పాడు. “పిన్నిగారూ, ఇవాళ చేతులు కడుక్కోవద్దు. మామూలుగా చెయ్యండి. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పకపోతే పొయ్యి పోతుంది మీకు.”

“ఆయ్, అలాగేనండీ” అంది లోవమ్మ.

కారు ఆగిన చప్పుడు కాగానే వెళ్ళి చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంది.

హారిక వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఇరవయ్యారేళ్ళుంటాయి. మంచి పిల్లే, నవ్వుతూ మాట్లాడుతుంది. తన ఫోనులో లోవమ్మకి పేరు లేదు, ‘మూడో యూజర్’ అని ఉంది. “మీరు మామూలుగా పని చేసుకోండమ్మా, నేను లేననుకోండి” అంది. లోవమ్మ గుడ్డ పరిచి, చెయ్యి తుడుచుకుని, అద్దం నొక్కి, రేకు తీసింది. మళ్ళీ ముంచి, పరిచి, తుడిచి, నొక్కి, తీసింది. మూడు రేకులు తీసేసరికి తువ్వాలు తడిసిపోయింది. కుండ మీదైతే ఆ పాటికి పాతిక తీసేది.

“చూశారా, అలవాటైపోయింది!” అంది హారిక.

“ఆయ్, మీ దయండీ” అంది లోవమ్మ. అని, “మా షెడ్డుకొచ్చి రేకు తియ్యకుండా వెళ్తారా తల్లీ? మీరూ ఒకటి తియ్యండి” అని లేచి పీట చూపించింది. అది ఉపాయమో, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చినంత మామూలు మాటో దుర్గాకి ఈనాటికీ తేలలేదు.

హారిక సరదాపడి కూర్చుంది. గుడ్డ ముంచింది. మోచేతి దాకా పిండి కారింది. పరిచింది. తెర అడిగింది. నొక్కింది. తెర పలకలేదు. గట్టిగా నొక్కింది. బొటనవేలుతో నొక్కింది. తువ్వాలు కోసం చుట్టూ చూసింది. ఈలోగా రేకు ఎర్రబడి, నల్లబడి, మూలలు పైకి లేచి పొగ వదిలింది. షెడ్డంతా మాడు కంపు.

ఆడవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. “మొదటిసారి కదండీ, చాలా బాగా వచ్చింది” అంది ఒకావిడ, ఆ బొగ్గుముక్కని చూస్తూ.

హారిక మాత్రం నవ్వేసింది. “నాకు ప్రాక్టీసు లేదుగా! ట్రైనింగ్ వీడియో ఒకటి పెట్టిస్తాం. ఇప్పుడు చెప్పండమ్మా, మొత్తం మీద మిషను ఎలా ఉంది?”

“బాగుందండీ” అంది లోవమ్మ.

దుర్గా ఇక ఆగలేకపోయాడు. “ఏం బాగుందండీ! మీ చేతికే పలకలేదది. ఆ రోజు మీరు పరీక్ష పెట్టింది మిషనుకి కాదు, సబ్బుకి. పిండి పనిచేసేవాళ్ళకి పొడిచేత్తో నొక్కే అద్దం ఇచ్చినవాడికి అసలు బుర్రుందా? మళ్ళీ వీడియో ఒకటి!”

“దుర్గా!” లోవమ్మ కసిరింది. “ఆడపిల్లతో ఏంటా మాటలు? తప్పు.”

హారిక మొహం ఎర్రబడింది. “మీ అభిప్రాయం మీది. డేటా నా దగ్గరుంది. ఈవిడే ఐదుకి ఐదిచ్చారు. ఇప్పుడూ బాగుందనే అన్నారు, విన్నారుగా. సాయంత్రం రిపోర్టు పంపేస్తాను” అని కృష్ణవేణితో కలిసి భోజనానికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ కృష్ణవేణి మడతల బల్ల వైపు వేలు చూపించింది.

దుర్గా వెతికేసరికి లోవమ్మ షెడ్డు వెనక, కుండల పక్కన కూర్చుని ఉంది. ఒక కుండని వేలిముడుకుతో కొట్టి వింటోంది.

“మీకు బుద్ధుందా పిన్నిగారూ? నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు చేసుకున్నారు. కృష్ణవేణిగారి మీదైతే అంత నోరు లేస్తుంది కదా, ఆ పిల్ల ముందు ఏమైంది?”

“కృష్ణవేణి మనమనిషండీ. తిట్టుకుంటాం, సాయంత్రానికి కలిసి కాఫీ తాగుతాం. ఆ పిల్ల అంత దూరం నుంచొచ్చింది. ఎంత కష్టపడి చేసుకుందో ఏంటో. మొహం మీద బాలేదని ఎలా అంటామండీ? నాకు నోరు రాదు. చచ్చినా రాదు.”

“అయితే మడతలకి కూర్చోండి.”

 లోవమ్మ పిండి ఎండిన అరచేతులు చీరకి రుద్దుకుంది.

“రిపోర్టు సాయంత్రం కదా పంపుతానంది? మీరు కాగితం మీద రాయండి బాబూ. అద్దం తీసేసి గ్యాసుపొయ్యికుండే లాంటి తిప్పుడు గుబ్బ పెట్టమనండి, తడిచేత్తోనైనా తిరుగుద్ది. అడగొద్దని చెప్పండి, రేకు ఎప్పుడు తియ్యాలో నాకు తెలుసు. ఆ ఫ్యాను ఆపమనండి, చప్పుడు వినపడాలి నాకు. అవి చేత్తే మిషను మీదే తీత్తాను, నాకేం పంతం లేదు. భోజనం అయ్యేలోగా రాసి ఆ పిల్ల చేతికివ్వండి. నా పేరు మాత్రం పెట్టకండి, మీ పేరున రాయండి. మీకు మర్యాద తెలీదని ఆ పిల్లకి ఇందాకే తెలిసిపోయింది కదా, ఇంక కొత్తగా పోయేదేం లేదు.”