కోట మీద రేకుల కప్పు

ఏడాదిలో సగానికి పైగా వాన కురిసే చోట పెరిగిన పిల్లని కోట కట్టమంటే రేకులు వేయకుండా ఎలా ఉంటుంది? ఆ రోజు ఈ మాట అనాల్సింది నేను. అనలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో మా బడి ఎగ్జిబిషన్‌కి చరిత్ర టీచరుగా ఆ పని అప్పగించింది నేనే: మధ్యయుగం చివరినాటి ఇంగ్లిష్ కోట నమూనా. డిగ్నాబాద్ నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి నెల రోజులు కూర్చుని అట్టలతో కట్టింది. మూలమూలకీ గుండ్రటి బురుజు, గోడల్లో బాణాలు వేసే సందులు, చుట్టూ కందకం, దారం లాగితే పైకి లేచే వంతెన. మొదటి బహుమతి వస్తే మెయిన్‌ల్యాండ్ పోటీకి ఓడలో పంపుతారు. ఆ పిల్ల అంతవరకు దీవులు దాటి ఎరగదు.

కోట నడిమి హాలుకి మాత్రం ఏటవాలు రేకులు వేసి, చూరుకి గొట్టం, దాని కింద వాన నీళ్ళు పట్టడానికి అగ్గిపెట్టెంత నీలం డ్రమ్ము పెట్టింది. మా ఇళ్ళన్నీ అలాగే ఉంటాయి.

మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన జడ్జి తెలుగాయనే. "కోటకి రేకుల షెడ్డేమిటమ్మా?" అని నవ్వాడు.

"కందకం నీళ్ళేటి తాగుతారు సార్? బయట దుష్మన్లు కాపు కాస్తే బారిష్ పానీయే కదా దిక్కు" అంది అమ్మాయి.

ఆయన సగమైనా వినలేదు. ఆ కాలపు కోటల్లో చాలావాటికి యుద్ధం కంటే దర్పమే ముఖ్యమని పాఠంలో నేనే చెప్పాను. డాబుకి కట్టిన బురుజులకేమో మార్కులు, దాహం సంగతి ఆలోచించిన పిల్లకేమో ఎగతాళి.

"భోజనాలయ్యాక మళ్ళీ చూస్తాను. సరిచేయించండి మేడమ్" అన్నాడు. సరేనని తలూపాను. పిల్లని పక్కకి పిలిచి, రేకులు తీసేస్తే గెలుస్తావన్నాను. నా మొహంలోకి ఒకసారి చూసి, డ్రమ్ముతో సహా ఊడదీసింది.

ఆ రోజు మా బడికి కుళాయి నీళ్ళ వంతు లేదు. భోజనం ముగించి జడ్జి ఎంగిలి చేత్తో నిలబడితే, ఆ అమ్మాయే వరండా చూరు కింది డ్రమ్ములో మగ్గు ముంచి పోసింది. ఆయన శుభ్రంగా కడుక్కుని వెళ్ళి, రేకులు లేని కోటకి మొదటి బహుమతి రాశాడు.

ఓడెక్కేముందు రోజు అమ్మాయి నా దగ్గరికొచ్చి ఆ నీలం డ్రమ్ముని నా చేతిలో పెట్టింది.

"మీరే ఉంచుకోండి మేడమ్. అక్కడ దీన్ని చూసి నవ్వుతారు కదా" అంది.