నల్లమలలో నా తాడు పట్టినవాడు

పాత కాలిబాటన నల్లమల కోటకు నడిచి వెళ్లినప్పుడు నేను భయపడి బండ దిగనన్నానని సైదాబాద్‌లో మా వాడకట్టంతా చెప్పుకుంటారు. భయం కాదు, తాడు ఎవరు పట్టాలన్న లొల్లి.

మూడో రోజు శిథిలమైన కోట కింది లోయలో కనిపిస్తుండగా, మెట్లు కూలిన చోట నిలువు బండ అడ్డమొచ్చింది. నా నడుముకు కట్టిన తాడు కొసను మెడలో ట్రాన్సిస్టర్ వేసుకున్న మా ఆయన పట్టుకున్నారు. దారి చూపుతున్న చెంచు పెద్దాయన ఆపాడు.

“మొగనికి తాడియ్యం. తేనెకు మేం కొండకు వేలాడితే పెండ్లాం తమ్ముడే తాడు పట్టుకుంటడు. అక్క బతుకు ఆగమైతదని వానికి రంది ఉంటది.”

“నా వెంట అన్నదమ్ములు లేరు గదా, గీడనే కూసోవాల్నా?” అన్నాను.

“మొగనికి ఇంకో పెండ్లాం దొరుకుతది. అన్నకు ఇంకో చెల్లె యాడ దొరుకుతది? నేను పట్టుకుంట, దిగు చెల్లె.”

దిగాను. కోటలో జొన్నరొట్టె కూడా ముందు నాకే పెట్టాడు, తోడబుట్టినదానికి పెట్టినట్టు.

మా ఆయనను ఇప్పటికీ అడుగుతాను, నవ్వి ట్రాన్సిస్టర్ సౌండు పెంచుతారు. ప్రతి మాటకూ నాతో వాదించే మనిషి, ఆ తాడు మాత్రం కిక్కురుమనకుండా ఎందుకు ఇచ్చేసినట్టు?