ఏడో పోగు

ఇదంతా మొదలైంది 2016 ఫిబ్రవరి 11, గురువారం, ఉదయం ఆరుంబావుకి. ఇవాళ ఎవరింట్లోనో కవళ్ల చేపలు వేగుతున్న వాసన కిటికీలోంచి రాగానే ఆ తేదీ, ఆ వేళ మళ్లీ గుర్తొచ్చాయి. సముద్రపు ఒడ్డునున్న ఈ ఊళ్లో ఇరవై ఆరేళ్లు ఐసు ఫ్యాక్టరీ లెక్కలు రాశాను. ఉద్యోగం అయిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను. అప్పట్లో పక్కిల్లు నూకాలమ్మది. నెత్తిన తట్ట పెట్టుకుని కోటబొమ్మాళి దాకా వెళ్లి చేపలు అమ్మేది. ఆమె వీధి చివర మాట్లాడితే నా వంటింట్లో వినపడేది. నాకంటే పదకొండేళ్లు చిన్నది, నన్ను ‘అప్పా’ అని, అంటే అక్కా అని, పిలిచేది. ఇది చదివేవాళ్లకి ఆమె ఎవరో తెలియదు కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆ గురువారం ఆమె తట్ట ఎత్తుకోబోతూ ఉంటే, శ్రీకాకుళంలో మొబైల్ షాపులో పనిచేస్తున్న ఇరవయ్యేళ్ల బిడ్డ గుమ్మంలో నిలబడ్డాడు. ఊరంతా అంతవరకూ అతన్ని నూకాలమ్మ కూతురనే అనుకుంది. జుత్తు కత్తిరించుకుని, చొక్కా ప్యాంటు వేసుకుని వచ్చాడు. పాత పేరు నేనిక్కడ రాయను, తల్లే దాన్ని వదిలేసింది.

“అమ్మా, నేను ఆడపిల్లని కాదు. సిన్నప్పటి నుంచీ కాదు. నీకు సెప్పడానికే వచ్చినాను” అన్నాడు.

నేను పక్కనే మా గుమ్మంలో ముగ్గు వేస్తున్నాను. నూకాలమ్మ తట్ట కింద పెట్టి వాడి చుట్టూ ఒకసారి తిరిగింది. “ఈ జుత్తు ఎవుడు కత్తిరించినాడు? ఎనకాల మెట్లు మెట్లుగా ఉన్నాది. కూకో” అంది. వలలు బాగుచేసే కత్తెర తెచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, మెడ వెనక జుత్తు సమంగా కత్తిరించింది. ఆ రోజు తట్ట కదల్లేదు. చేపలు మా వీధిలోనే అమ్ముడయ్యాయి.

ఆమెకి అంతా ఒక్కసారే అర్థమైపోయిందని అనను. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, “అప్పా, ఇది మందిస్తే తగ్గుతాదేటి?” అని అడిగింది. జబ్బు కాదని, తగ్గేదేమీ లేదని చెప్పాను. గట్టిగానే ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, “ఇరవయ్యేళ్లు ఎవుల్ని పెంచినానో ఇప్పుడు తెలిసింది. ఏడవడానికేటున్నాది?” అని తనని తానే కోప్పడింది.

పేరు దగ్గర మాత్రం పెద్ద గొడవ జరిగింది. వాడు సురేష్ అని పెట్టుకున్నాడు. “మనింట్లో ఎవులు సురేషు? మీ తాత పేరు ఎర్రయ్య, బంగారంలాగున్నాది” అంది. “ఎర్రయ్యంటే షాపులో నవ్వుతారే అమ్మా!” “నవ్వనీ. సురేషంటే మీ తాత నవ్వుతాడు, పైనుంచి.” చివరికి బయట సురేష్, గుమ్మం లోపల ఎర్రయ్య అని ఒప్పందం కుదిరింది.

అలవాటు కొద్దీ ‘ఒసే’ అని నోరు జారితే తన కంచంలోని చేప ముక్క వాడికి వేసేది. ఆ శిక్ష తనకి తానే వేసుకుంది. మొదటి వారం పాపం ఉత్త పులుసుతోనే తింది. “ఇలగైతే నువ్వు ఎండిపోతావు, నేను పీపాలాగైపోతాను” అని వాడు తన కంచంలోంచి ఒక ముక్క తీసి ఆమెకి పెట్టేవాడు.

అసలు చిక్కు తండ్రి అప్పన్నతో వచ్చింది. ఎర్రయ్యకి తిరిగి షాపుకి వెళ్లాలని లేదు, సముద్రం కావాలి. మా ఒడ్డున ఆడవాళ్లు తెప్ప ఎక్కరు. “గంగమ్మ తల్లి ఊరుకోదు. ఆడగుంటని తెప్ప ఎక్కించినానంటే నాతో ఎవుడొస్తాడు?” అన్నాడు అప్పన్న.

“ఆడగుంటని ఎక్కించమని ఎవులు సెప్పినారు? నా కొడుకుని ఎక్కించమన్నాను.”

అప్పన్న ఆ నెలంతా మాట్లాడలేదు. మార్చిలో ఒకడికి జ్వరమొచ్చి తెప్ప మీద మనిషి తగ్గాడు. తెల్లారకుండానే అప్పన్న గుమ్మం బయట నిలబడి, ఎవరినీ చూడకుండా, “ఒరే, వస్తే బేగి రా” అన్నాడు.

తొమ్మిదింటికి తెప్ప ఒడ్డుకి చేరింది. కూర చేపల కోసం నేనూ అక్కడే ఉన్నాను. మా దగ్గర పద్ధతేమిటంటే, పడిన చేపని ఇసుక మీద పోగులు పెడతారు. వెళ్లిన మనిషికొకటి, తెప్పకొకటి, వలకొకటి. ఒడ్డున సాయం పట్టిన ఆడవాళ్లకి పోగు ఉండదు, కూరకి నాలుగు చేపలు ఇస్తారు. పంచేది తెప్ప మీద వెళ్లినవాళ్లలో పెద్దవాడు పోలయ్య. ఆయన పోగులు పెట్టడం ముగించి, నాలుగు కానాగంతలు విడిగా తీసి ఎర్రయ్య వైపు తోశాడు. ఆ నాలుగు చేపలూ తీసుకుంటే, ఇక ఈ ఒడ్డున వాడు ఎప్పటికీ నూకాలమ్మ కూతురే.

నూకాలమ్మ అరుస్తుందనుకుని అందరూ సర్దుకున్నారు. అరవలేదు. నా వైపు తిరిగింది. “అప్పా, లెక్కలు రాసినదానివి. తెప్ప మీద ఎందరెల్లినారు?”

“ఐదుగురు.”

“తెప్పా, వలా కలిపితే?”

“ఏడు.”

“పోగులెన్నున్నాయి?”

“ఆరు” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

పోలయ్య అప్పన్న వైపు చూశాడు. అప్పన్న వంగి తన తెప్ప పోగులోంచి రెండు దోసిళ్లు తీసి పక్కన పోశాడు. “ఏటి సూస్తన్నావు మావా? మిగిలినవాటిలోంచీ తియ్యి. నా కొడుకు నాతో సమానంగా వల లాగినాడు” అన్నాడు. పోలయ్య తల గోక్కుని, “అలగే రా, నాకేటి! వాంతులు సేసుకుంటానే లాగినాడు గుంటడు” అన్నాడు. ఒడ్డంతా నవ్వింది. ఏడో పోగు లేచింది.

ఏ పోగు ఎవరిదో తేల్చడానికి తలా ఒక గుర్తు ఇస్తారు. బీడీ ముక్క, గవ్వ, పుల్ల, తాడు ముక్క వచ్చాయి. ఎర్రయ్య చొక్కా గుండీ తెంపి ఇచ్చాడు. ఏది ఎవరిదో చూడకుండా అటు తిరిగి ఉన్న నన్నే వాటిని పోగుల మీద వెయ్యమన్నారు. గుండీ అన్నిట్లోకీ నాసి పోగు మీద పడింది. “అదృష్టం మాత్రం అయ్యదే వచ్చింది!” అని నూకాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ రోజుదాకా నేను లెక్క మనసులోనే కట్టుకునేదాన్ని. పైకి, నలుగురిలో చెప్పడం ఆమె నేర్పింది. ఇప్పుడు రేషను దుకాణంలోనైనా, పెళ్లి బంతిలోనైనా మనిషి తగ్గితే పైకే లెక్కపెడతాను. నన్ను చూసి కొందరు పక్కకి తప్పుకుంటారు కూడా.

నూకాలమ్మ 2019లో కామెర్లతో పోయింది. తలకొరివి ఎర్రయ్యే పెట్టాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

మొత్తంలో పోయినవి: అప్పన్న అక్కగారింటికి రాకపోకలు, అవి నేటికీ లేవు. మేనరికం సంబంధం ఒకటి. ఎర్రయ్యకి షాపులో ఉద్యోగం. తెప్ప మీదికి రానని వెళ్లిపోయిన మనిషి ఒకడు. చివరికి నూకాలమ్మ. బిడ్డ మాత్రం పోలేదు.